ఆఫ్‌సైడ్ ఎప్పుడవుతుంది? కాలికి బంతి తగిలిన క్షణాన్ని పట్టుకోండి

హనుమకొండ జేఎన్‌ఎస్‌లో (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) ఆడినా, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఆడినా ఫుట్‌బాల్ మ్యాచ్‌లో లొల్లి లేచేది ఎక్కువగా ఆఫ్‌సైడ్ దగ్గరే. "నేను బాల్ తీసుకున్నప్పుడు నా ముంగట ఇద్దరున్నరు కదన్నా!" అంటాడు ఫార్వర్డ్, అంటే గోల్ కొట్టడానికి ముందుండి ఆడేవాడు. అతను చెప్పేది నిజమే కావచ్చు. కానీ రూల్ లెక్క అక్కడ మొదలుకాదు, పాస్ ఇచ్చినవాడి కాలు బంతికి తగిలిన క్షణంలో మొదలవుతుంది.

ఆ క్షణాన్ని ఫొటో తీసినట్టు మనసులో ఆపి మూడు సంగతులు చూడండి. ఫార్వర్డ్ అవతలి జట్టు సగంలో ఉన్నాడా? బంతి కన్నా గోల్ లైన్‌కు దగ్గరగా ఉన్నాడా? ప్రత్యర్థుల్లో చివరి నుంచి రెండోవాడి కన్నా కూడా దగ్గరగా ఉన్నాడా? మూడూ అవునైతేనే అది ఆఫ్‌సైడ్ స్థానం. సమానంగా నిలబడితే ఆన్‌సైడే. 1990 నుంచి రూల్ ఇట్లనే ఉంది. తల, ఒళ్లు, పాదాలు లెక్కలోకి వస్తాయి, చేతులు రావు. గోలీ (గోల్‌కీపర్) చేతులకూ ఇదే రూల్. చంక కింది అంచుకు పైనున్న భుజం మాత్రం లెక్కే.

"లాస్ట్ డిఫెండర్" అనే మాట చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. గోలీ బంతి కోసం ముందుకు ఉరికి, గోల్ లైన్ మీద ఒక్క డిఫెండర్ మిగిలాడనుకోండి. ఆ డిఫెండర్‌ను చూసి ఆన్‌సైడ్ అనుకుంటారు. కానీ అతను చివరివాడు. గీత గీయాల్సింది అతని తర్వాతివాడి దగ్గర, ఆ తర్వాతివాడు గోలీయే కావచ్చు.

లైన్స్‌మన్‌కు, అంటే గీత పక్కన జెండా పట్టుకుని ఉండే సహాయ రిఫరీకి, అసలు కష్టం వేగంతోనే. ఫార్వర్డ్ సెకనుకు 7 మీటర్లు ఉరుకుతూ, డిఫెండర్ ఎదురుగా 3 మీటర్ల వేగంతో ముందుకొస్తుంటే, 0.3 సెకనులో ఇద్దరి మధ్య 3 మీటర్ల తేడా వస్తుంది. పాస్ చూసి తల తిప్పేలోపే ఆన్‌సైడ్‌లో ఉన్నవాడు ఆఫ్‌సైడ్‌లో కనబడతాడు. అందుకే చివరి నుంచి రెండో డిఫెండర్‌కు సమానంగా నడవాలి. బంతి అతన్ని దాటితే బంతికి సమానంగా. చూపు డిఫెన్స్ గీత మీదే ఉంచి, కిక్ చప్పుడును చెవితో పట్టుకోవాలి. సున్నం చెరిగిపోయిన గ్రౌండ్‌లో సెంటర్ లైన్‌నైనా కొత్తగా గీయించండి. సగం ఎక్కడో తేలకపోతే మొదటి ప్రశ్నకే జవాబుండదు.

ఆఫ్‌సైడ్ స్థానంలో ఉండటం తప్పు కాదు, ఆటలో కలగజేసుకుంటేనే తప్పు. జట్టువాడి బంతిని తాకడం, గోలీ చూపుకు అడ్డు నిలవడం, బంతి కోసం డిఫెండర్‌తో పోటీపడటం, ఇవన్నీ కలగజేసుకోవడమే. 20 మీటర్ల నుంచి షాట్ కొడుతుంటే గోలీ ముందు 3 మీటర్లలో నిలబడి చూపు ఆపినవాడు బంతిని ముట్టకపోయినా గోల్ చెల్లదు. అదే మనిషి పక్కకు ఉండి, గోలీకి బంతి స్పష్టంగా కనబడితే గోలే. కాబట్టి జెండా ఎత్తేముందు ఒక్క క్షణం ఆగి చూడాలి.

ఎక్కువమంది తప్పుపడేది ఇక్కడ: "బాల్ డిఫెండర్‌కు తగిలింది, ఇగ ఆఫ్‌సైడ్ లేదు." కేవలం తగిలితే చాలదు. దగ్గర నుంచి గట్టిగా కొట్టిన బంతి పిక్కకు తగిలి పక్కకు పోతే ఆఫ్‌సైడ్ అట్లనే ఉంటుంది. బంతి దూరం నుంచి స్పష్టంగా కనబడుతూ వచ్చి, ఒళ్లు సర్దుకోవడానికి డిఫెండర్‌కు సమయం ఉండి, అయినా అతను తప్పుగా తన్నితే అది అతను కావాలని ఆడినట్టే. అప్పుడు ఆఫ్‌సైడ్ పోతుంది. గోల్ ఆపడానికి చేసిన సేవ్‌కు ఈ వెసులుబాటు లేదు. గోలీ ఆపినా, పోల్‌కు తగిలి వచ్చినా, ముందే ఆఫ్‌సైడ్‌లో ఉన్నవాడు ఆ బంతిని తన్నకూడదు.

గోల్ కిక్, త్రో ఇన్, కార్నర్ నుంచి నేరుగా వచ్చే బంతికి ఆఫ్‌సైడ్ లేదు. ఫ్రీకిక్‌కు ఉంది. షార్ట్ కార్నర్‌తో (కార్నర్‌ను దగ్గరి జట్టువాడికి చిన్న పాస్‌గా ఇవ్వడం) జాగ్రత్త: కార్నర్ కొట్టినవాడు గోల్ లైన్ దగ్గరే నిలబడి బంతిని మళ్లీ అందుకుంటే, ఆ గీత మీద ఇద్దరు ప్రత్యర్థులు లేనప్పుడు దాదాపు ఎప్పుడూ ఆఫ్‌సైడే. ఫుట్సాల్‌లో ఈ రూలే లేదు. టర్ఫ్‌లో ఏడుగురి ఆటైతే టాస్‌కు ముందే మాట్లాడుకోండి.

తప్పు తేలితే అవతలి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని కిక్), తప్పు జరిగిన చోటు నుంచి. అవతలి సగంలో ఆఫ్‌సైడ్‌లో ఉన్నవాడు వెనక్కి ఉరికి తన సగంలో బంతి అందుకున్నా ఆఫ్‌సైడే. కిక్ అక్కడి నుంచే కొట్టిస్తారు. విజిల్ పడ్డాక లైన్స్‌మన్ జెండా చూడండి: పైకి వాలితే తప్పు అవతలి వైపు, నేలకు సమాంతరంగా ఉంటే మధ్యలో, కిందికి వాలితే తన దగ్గర.