కరోనా వేళ బోదకాలు మాత్రలు మింగించేటప్పుడు

నల్లగొండ పల్లెల్లో బోదకాలు మాత్రలు చేతికిచ్చి వచ్చేస్తే అవి గూట్లోనే ఉండిపోతాయి. ఎదుట నిలబడి మింగించాల్సిందే. కరోనాలో చిక్కంతా అక్కడే, మింగాలంటే మాస్కు తీయాలి. 2020 ఏప్రిల్‌లో ఇలాంటి ఇంటింటి పనులు వాయిదా వేయమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ, జులైలో తిరిగి మొదలుపెట్టేందుకు జాగ్రత్తలు చెప్పింది.

ఇంట్లోకి పోవద్దు. వాకిట్లో ఆరడుగుల దూరాన నిలబడి ఒక్కొక్కరినే పిలవండి. గ్లాసు, నీళ్లు వాళ్లవే. ముందుగా జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం గురించి అడగండి. ఇంట్లో ఒక్కరికి ఉన్నా ఆ ఇంటికి మాత్రలు ఆపి, ఊరి నర్సు ఏఎన్ఎంకు చెప్పండి. తర్వాత "సద్ది తిన్నరా?" అనడగండి. పరగడుపున వేస్తే వాంతులు, తల తిరగడం. పత్తి చేన్లకు పోకముందే తిన్నవాళ్లను పట్టుకోవాలి, లేదంటే రాత్రి బువ్వ తిన్నాక.

ఇచ్చే మందులు రెండు: బోదకాలు పురుగుల మందు డీఈసీ, నులిపురుగులకూ వాడే ఆల్బెండజోల్. డీఈసీ 100 మిల్లీగ్రాముల మాత్రలు 2–5 ఏళ్లకు ఒకటి, 6–14 ఏళ్లకు రెండు, 15 దాటితే మూడు. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది అందరికీ ఒక్కటే, నమిలి మింగాలి. ఆలుమగలు, అవ్వ, పదేళ్ల పిల్లగాడు, నాలుగేళ్ల పాప ఉన్న ఇంటికి డీఈసీ పన్నెండు, ఆల్బెండజోల్ అయిదు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, ఏ జబ్బుతోనైనా తీవ్రంగా బాధపడుతున్నవాళ్లకు వద్దు. చిన్నపిల్లలకు పొడి చేసి ఇవ్వండి. ఏడుస్తున్న బిడ్డ ముక్కు మూసి పోయొద్దు, గొంతులో అడ్డం పడుతుంది.

మాత్రను వేళ్లతో ముట్టొద్దు. డబ్బా మూతలోకి వంచుకుని, మూత తగలకుండా వాళ్ల అరచేతిలో వేయండి. వాళ్లు మాస్కు తీసి మింగేముందు మళ్లీ ఆరడుగుల దూరానికి జరగండి. రిజిస్టరు, పెన్ను మీ చేతిలోనే ఉండాలి, సంతకాలు అక్కర్లేదు. ఇంటింటికీ మధ్య శానిటైజరు రాసి చేతులు పూర్తిగా ఆరనివ్వండి. తడి చేతులతో పొయ్యి దగ్గరికి పోతే ప్రమాదం.

ఎక్కువ గొడవ వచ్చేది మరునాటి జ్వరంతో. ఒంట్లోని పురుగులు చస్తుంటే ఒకట్రెండు రోజులు జ్వరం, తలనొప్పి రావచ్చు. దాన్ని కరోనా అనుకుని వాడకట్టంతా తలుపులేసుకుంటుంది. అందుకే మాత్ర వేసిన తేదీ, వేళ రాసుకోండి, ఈ సంగతి ముందే చెప్పండి. దగ్గు, ఆయాసం, వాసన పోవడం మాత్రల వల్ల మామూలుగా వచ్చేవి కావు. అవి కనిపించినా, జ్వరం మూడో రోజుకీ తగ్గకున్నా పరీక్షకు పంపాలి.

"నా కాలు వాయలేదు కదా" అనేవాళ్లను వదలొద్దు. వాపు కనిపించకముందే ఏళ్ల తరబడి పురుగు రక్తంలో ఉంటుంది, దోమ దాన్ని మోసుకుపోతుంది. తాళమేసిన ఇళ్లను విడిగా రాసుకుని, మళ్లీ సాయంత్రం వెళ్లండి.