మాస్డెవాలియా ఆకు కొసలు నల్లబడుతుంటే

మాస్డెవాలియా ఆర్కిడ్ నీరసపడిందని ఎవరన్నా నేను మొదట అడిగేది ఒక్కటే: రాత్రి ఎన్ని డిగ్రీలు ఉంటోంది? "గది చల్లగానే ఉంటుందండీ" అనేది జవాబు కాదు. ఇది ఆండీస్ కొండల్లో మబ్బు కమ్మే అడవుల మొక్క. రాత్రి 10-13 డిగ్రీలకు దిగితే దానికి హాయి. పగలు 24 దాటిందంటే చాలా రకాలకు ఇబ్బందే. కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపించే థర్మామీటరును కుండీ పక్కనే, ఆకుల ఎత్తులో మూడు రోజులు ఉంచండి. గోడ మీది థర్మామీటరును నమ్మకండి.

ఆకులు పచ్చగా ఉండగానే మొదలు దగ్గర ఊడిపోతుంటే

చాలావరకు వేడే కారణం. పగటి వేడి తగ్గించడం చేతకాకపోతే రాత్రినైనా చల్లబరచండి, గాలి ఆడనివ్వండి, ఆ రోజుల్లో ఎరువు మానేయండి.

రాత్రి చల్లగానే ఉన్నా కొసలు నల్లబడుతుంటే

ఇక్కడే నేను రెండేళ్లు మోసపోయాను. నలుపు కొస నుంచి మెల్లగా కిందికి పాకుతుంటే గాలిలో తేమ చాలలేదనుకున్నాను. నీళ్లు పెంచాను. అయినా కోలుకోకపోతే, పాపం బలం లేదని ఎరువు వేశాను! చివరికి మొక్కను పైకి లాగి చూస్తే పైన మాస్ (కుండీలో మట్టికి బదులు నింపే స్ఫాగ్నం నాచు) పచ్చగా నవనవలాడుతోంది, లోపల వేరు పట్టుకుంటే పైపొర జారిపోయి చేతివేళ్ల మధ్య దారప్పోగు మిగిలింది. కుండీ అంచున తెల్లటి పొక్కు కట్టేది. చూడ్డానికి బాగాలేదని గుడ్డతో తుడిచేసేవాణ్ణి. రోగం పేరు అక్కడే రాసి ఉందన్నమాట.

అది ఉప్పు. నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలోని లవణాలు స్ఫాగ్నం మాస్‌లోనే ఉండిపోతాయి. వాటి గాఢత పెరిగితే వేరు నీళ్లు పీల్చలేదు. నీళ్లు దాచుకునే దుంపల్లాంటివి ఈ మొక్కకు లేవు, వేళ్లు కూడా సన్నం. అందుకే తడి మాస్‌లో ఉండి కూడా దాహంతో ఎండుతుంది. మనం ఇంకాస్త నీళ్లు పోస్తాం, ఇంకాస్త ఉప్పు చేరుతుంది.

అనుమానంతో కూర్చోకుండా టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలను పీపీఎంలలో చూపే పరికరం) కొలవండి. మామూలుగా నీళ్లు పోసి అరగంట ఆగండి. తర్వాత పైన కొద్దిగా ఆర్వో నీళ్లు పోసి, కింద కారే మొదటి చెంచాడు పట్టి చూడండి. నేను పోసిన నీళ్లు 30 పీపీఎం, కారినవి 600 పైనే. ఇక వేరే పరీక్ష దేనికి?

తేడా కొద్దిగానే ఉంటే ఆర్వో నీళ్లు ధారాళంగా పోసి కడిగితే చాలు. మాస్ చివికి ముద్దయితే మాత్రం కడగడం దండగ. చల్లటి రోజులు చూసి మొత్తం తీసేయండి, చచ్చిన వేళ్లు కత్తిరించి, కొత్త మాస్‌ను వదులుగా చుట్టి, చిన్న కుండీలో పెట్టండి. ఆ తర్వాత వాన నీళ్లో ఆర్వో నీళ్లో తప్ప మరొకటి వద్దు. ఎరువు పావు మోతాదే, అదీ మధ్యమధ్య ఉత్త నీళ్లతో బాగా కడుగుతూ. కాచి చల్లార్చిన నీళ్లంటారు కొందరు: సున్నం కొంత అడుగున దిగుతుంది గానీ మిగతా లవణాలు పోవు. సాఫ్ట్‌నర్ నీళ్లు ఇంకా అన్యాయం, అందులో కాల్షియం పోయి సోడియం చేరుతుంది.

నల్లబడిన కొస మళ్లీ పచ్చబడదు. కొత్త ఆకు కొస శుభ్రంగా వస్తే గండం గడిచినట్టే. అది తెలియడానికి నెలలు పట్టొచ్చు, ఈలోగా మళ్లీ పీకి చూడకండి.

మిగతావి

మొగ్గలు కొరికేసి ఉంటే నత్తలు, రాత్రి టార్చి వేసి ఏరేయండి. ఆకు అడుగున వెండి రంగు చుక్కలుంటే నల్లి (ఆకు రసం పీల్చే సన్నటి పురుగు). వైరస్సేమో అని భయపడేవాళ్లు ముందు మీటరు కొనుక్కోండి.