థండర్‌బర్డ్ మొరాయిస్తే ఎవరిని అడగాలి?

కంప్యూటర్‌లో ఈమెయిళ్లు చదివి పంపే ప్రోగ్రామ్ థండర్‌బర్డ్. అందులో మెయిల్ ఆగిపోతే చాలామంది వెంటనే దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దానివల్ల ఒరిగేది తక్కువ. సెట్టింగులన్నీ ప్రోగ్రామ్‌కు విడిగా ప్రొఫైల్ ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి పాత తప్పు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ముందు బ్రౌజర్‌లో మీ మెయిల్ ఖాతా తెరిచి చూడండి. అక్కడా తెరుచుకోకపోతే థండర్‌బర్డ్‌ది ఏ పాపమూ లేదు, మెయిల్ సేవ ఇచ్చే సంస్థనే అడగాలి.

సమస్య: హెల్ప్ మెనూ కనబడటం లేదు
విండోస్‌లో మెనూ వరుస దాగి ఉండవచ్చు. ఆల్ట్ కీ నొక్కితే బయటపడుతుంది.

సమస్య: సహాయ వ్యాసంలో చెప్పిన బటన్ నా తెరపై లేదు
ఆ వ్యాసం పాత వెర్షన్‌కు రాసినదై ఉంటుంది. 2023లో వచ్చిన 115వ వెర్షన్‌తో థండర్‌బర్డ్ రూపం బాగా మారింది. హెల్ప్ మెనూలో ‘అబౌట్ థండర్‌బర్డ్’ తెరిచి మీ వెర్షన్ తెలుసుకుని, ఆ సంఖ్యతో కలిపి వెతకండి.

సమస్య: పాస్‌వర్డ్ సరైనదే, అయినా లోపలికి రానివ్వడం లేదు
ఎక్కువమంది తిప్పలు పడేది ఇక్కడే. జీమెయిల్ వంటి సేవలు ఇతర ప్రోగ్రాముల నుంచి మామూలు పాస్‌వర్డ్‌ను ఇప్పుడు అంగీకరించవు. ఖాతా సెట్టింగుల్లో ‘అథెంటికేషన్ మెథడ్’ దగ్గర ‘నార్మల్ పాస్‌వర్డ్’ అని ఉంటే దాన్ని ‘ఓఆత్2’కు, అంటే మెయిల్ సేవ సొంత పేజీలోనే లాగిన్ అయి అనుమతి ఇచ్చే పద్ధతికి మార్చండి. మెయిల్ అందుకునే సర్వర్‌కు, పంపే సర్వర్‌కు విడివిడిగా మార్చాలి. అందుకునే సర్వర్‌కు మార్చి పంపేదాన్ని వదిలేస్తే మెయిళ్లు వస్తాయి కానీ వెళ్లవు.

సమస్య: మెయిళ్లు వస్తున్నాయి, వెళ్లడం లేదు
పంపే సర్వర్ వేరు, అందుకునే సర్వర్ వేరు. పంపే సర్వర్‌కు పోర్టు (సర్వర్‌తో కలిసే ద్వారం సంఖ్య) 587 పెడితే భద్రత ‘స్టార్ట్‌టీఎల్‌ఎస్’, 465 పెడితే ‘ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్’ ఉండాలి. ఈ జత కుదరకపోతే ఎంతసేపు ఎదురుచూసినా మెయిల్ కదలదు. సర్వర్ ఏదైనా సంఖ్యతో తిప్పికొడితే అదే అసలైన ఆధారం. 4తో మొదలైతే ఇబ్బంది తాత్కాలికం, కాసేపాగి మళ్లీ పంపవచ్చు. 5తో మొదలైతే మళ్లీ మళ్లీ పంపి ప్రయోజనం లేదు. 535 అంటే లాగిన్ వివరాలను సర్వర్ ఒప్పుకోలేదన్నమాట. ఆ సంఖ్య, మీ మెయిల్ సేవ పేరు కలిపి వెతకండి. జవాబు థండర్‌బర్డ్ పేజీల్లో కన్నా ఆ సేవ సహాయ పేజీల్లోనే త్వరగా దొరుకుతుంది.

సమస్య: ప్రోగ్రామ్ నెమ్మదించింది, లేదా వింతగా ప్రవర్తిస్తోంది
హెల్ప్ మెనూలోని ‘ట్రబుల్‌షూట్ మోడ్’ యాడ్-ఆన్‌లను (మీరు అదనంగా చేర్చుకున్న చిన్న ప్రోగ్రాములను) పక్కన పెట్టి ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. అప్పుడు బాగుంటే ఏదో ఒక యాడ్-ఆనే కారణం కావచ్చు. ఒక్కొక్కటే ఆపి చూడండి.

సమస్య: సహాయం అడిగాను, జవాబు రాలేదు
‘మెయిల్ పనిచేయడం లేదు’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? థండర్‌బర్డ్ ప్రశ్నలు అడిగే మొజిల్లా సహాయ కేంద్రంలో జవాబులిచ్చేది ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలు. హెల్ప్ మెనూలో ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, సర్వర్ వివరాలు ఒకేచోట ఉంటాయి, కాపీ చేసే బటన్ కూడా ఉంటుంది. ఖాతా పేర్లను చేర్చే గడిలో మాత్రం టిక్ పెట్టకండి. కనబడిన సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా జతచేయండి. ఫలానా నంబరుకు ఫోన్ చేయమని ఎవరైనా బదులిస్తే అది మోసమే, అక్కడి సహాయకులు ఫోన్ చేయమని అడగరు.