చనిపోయిన అబ్బాయితో ప్రేమకథ: టీనేజ్ నవల ఎలా రాయాలి?

వేసవి సెలవుల్లో కర్నూలులో ఇంటర్, డిగ్రీ పిల్లలకు కథలు రాయడం నేర్పుతుంటాను. వాళ్లు తెచ్చే రాతప్రతుల్లో చాలావాటి కథ ఒకటే. అమ్మాయికి పదిహేడేళ్లు, అబ్బాయి ఎప్పుడో చనిపోయాడు, ఇద్దరికీ ప్రేమ. ఈ రకం కథంటే నాకు చాలా ఇష్టం. అందుకే చెడగొడుతుంటే ఊరుకోలేను. పొగమంచు పట్టిన అడవి, పాలరాయిలాంటి ఒళ్లు, నల్లకోటు ఎక్కడినుంచో తెచ్చి అనంతపురంలో దించుతారు. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో రోజూ పొగమంచు ఎలా కురుస్తుంది? వెల్లుల్లి అంటేనే పడని ఆ రక్తపిశాచి ఇంటింటా వెల్లుల్లికారం దంచే ఊళ్లో ఎలా తిరుగుతాడు?

ముందే ఒక మాట చెప్పాలి. మీ కథలో అబ్బాయి నిజంగా చచ్చిపోయి ఉండాలి. చాలామంది రాసేది చేతులు కాస్త చల్లగా ఉండే అందగాడి కథ. అతనికి ఆకలి లేదు, పరీక్షల్లేవు, ముసలితనం రాదు, కావలసినంత డబ్బుంది. చావు వల్ల అతను పోగొట్టుకున్నది ఏమీ లేదు. అలాంటప్పుడు కథలో చావు ఉన్నా లేకపోయినా ఒకటే.

1. కావలసినవి

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్, నీలం బాల్‌పెన్, జిల్లా మ్యాపు, అబ్బాయి చనిపోయిన ఏడాది పంచాంగమో క్యాలెండరో. మొదటి ప్రతి చేత్తోనే రాయాలి. ఫోన్‌లో టైప్ చేస్తే వాక్యాలు మెసేజీల్లా తెగిపోతాయి.

2. అమ్మాయి

అబ్బాయి కంటే ముందు అమ్మాయిని రాసుకోండి. హాస్టల్, స్టడీ అవర్, వారం వారం టెస్టులు, ఈఏపీసెట్ టెన్షన్, ఆదివారం అమ్మ తెచ్చే క్యారియర్ మీకు తెలిసినవే, ఒక్క పేజీలో తేల్చేయండి. అయితే అబ్బాయి కనిపించకముందే ఆమెకు సొంత కోరిక ఒకటి ఉండాలి. పశువైద్యం చదవాలనో, నాన్న అమ్మేస్తానంటున్న చేను నిలబెట్టాలనో, ఏదైనా సరే. దానికి ఆ అబ్బాయితో సంబంధం ఉండకూడదు. కథ అయిపోయాక ఆమెకు మిగిలేది అదే.

3. చోటు, కాలం

అర్ధరాత్రి, శ్మశానం, పౌర్ణమి మానేయండి. మన సీమలో పెద్దవాళ్లు పిల్లలకు ఎక్కువగా భయం చెప్పేది మిట్టమధ్యాహ్నం గురించే. పగలు పన్నెండింటికి చింతచెట్టు కిందికి పోవద్దని వినకుండా పెరిగినవాళ్లు ఇక్కడ తక్కువ. మే నెల ఎండలో తలుపులన్నీ వేసి, కుక్కలు కాలవ గట్టున పడుకుని, వీధంతా తెల్లగా మెరిసే ఆ రెండు గంటలు వాడుకోండి. అంతటి ఎండలో ఒకడు నీడ లేకుండా నడిచొస్తే చదివేవాళ్లు వెంటనే గమనిస్తారు. చీకట్లో నీడ ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది?

చోటు విషయంలో నా ఉదాహరణ ఎప్పుడూ సంగమేశ్వరమే. ఆత్మకూరు దాటి కొత్తపల్లి మండలంలో ఉంది. 2022 వరకు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు పూర్తయ్యాక కృష్ణా తీరంలో ఎన్నో ఊళ్లు నీళ్లలో కలిసిపోయాయి. సంగమేశ్వరుడి గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు జలాశయం అడుగున ఉంటుంది. నీటిమట్టం తగ్గేకొద్దీ ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి మెట్లు బయటపడతాయి. వానాకాలంలో ఎగువనుంచి వరద రాగానే మళ్లీ మునిగిపోతుంది. గర్భగుడిలోది వేప మొద్దు లింగమని చెబుతారు. మన ఊళ్లలో గాలి సోకితే వేపమండలతోనే కదా కొట్టేది! చనిపోయినవాడు ఆ గడప దగ్గరే ఆగిపోతాడంటే మీరు కొత్తగా కల్పించాల్సింది ఏమీ లేదు.

ఇలాంటి చోటు ఎంచుకుంటే కథకు గడువు దానంతట అదే వస్తుంది. నీళ్లు తగ్గితే అబ్బాయి కనిపిస్తాడు, వరద వస్తే కనిపించడు. వేసవి సెలవులు, నీటిమట్టం రెండూ కలిసొస్తాయి.

రెండు హద్దులు మాత్రం దాటొద్దు. 2009 అక్టోబరులో కర్నూలును ముంచెత్తిన తుంగభద్ర వరదలో పోయినవాళ్లను హీరోలుగా పెట్టకండి. వాళ్ల ఇళ్లవాళ్లు ఇప్పటికీ మన వీధుల్లోనే ఉన్నారు. అలాగే బ్రహ్మంగారి మఠం, మంత్రాలయం లాంటి చోట్ల ఉన్న సమాధుల జోలికి వెళ్లొద్దు. అక్కడ జనం నమ్మకం వేరు, మీ దెయ్యం కథ వేరు.

4. చావుకు నియమం పెట్టడం

పదిలో తొమ్మిది నవలలు పాడయ్యేది ఈ మెట్టు దగ్గరే. ఇక్కడ మాత్రం తొందరపడకండి. ఇది తేలేదాకా మొదటి అధ్యాయం మొదలుపెట్టొద్దు.

నియమాలు ఆకాశం నుంచి ఊడిపడవని ముందు తెలుసుకోండి. ఎండ తగిలితే రక్తపిశాచి చస్తాడని పిల్లలు గట్టిగా వాదిస్తారు. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన నవలలో డ్రాకులా పగటిపూట లండన్ వీధిలో కనిపిస్తాడు. అతని శక్తి తగ్గుతుంది, అంతే. ఎండకు నశించిపోవడం 1922లో వచ్చిన జర్మన్ మూకీ సినిమాతో పాతుకుపోయింది. అంటే ఎవరి కథకు కావలసిన నియమం వాళ్లు పెట్టుకున్నారు. మీరూ పెట్టుకోవచ్చు. కానీ ఒకసారి పెట్టాక దాన్ని మీరితే కథ అక్కడే చస్తుంది. మూడో అధ్యాయంలో గోడలోంచి దూరిపోయినవాడు పదో అధ్యాయంలో తాళం వేసిన గదిలో చిక్కుకుంటే చదివేవాళ్లు పుస్తకం మూసేస్తారు.

నియమం ఎలా ఉండాలో తెలియాలంటే మన బేతాళుడి దగ్గరికే వెళ్లాలి. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఇంత చిన్న నియమం మీద అన్ని కథలు నడిచాయి. ఎందుకు నడిచాయో చూడండి. రాజు తెలివైనవాడు కాబట్టే శవం చేజారుతుంది. అతనిలో ఉన్న మంచే అతనికి నష్టం తెస్తుంది. మీ ప్రేమకథకు కావలసిన ముడి సరిగ్గా ఇదే.

ఇప్పుడు దాన్ని మన ఇంటి ఆచారంలోకి తీసుకురండి. కర్మ రోజు పిండం పెట్టి కాకి కోసం చూడటం మీరు చూసే ఉంటారు. విస్తరి దగ్గర నీళ్లు చల్లి అందరూ దూరంగా జరుగుతారు. కాకి వచ్చి గోడమీద కూర్చుంటుంది, కిందికి మాత్రం దిగదు. పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయిందని పెద్దవాళ్లు ఒక్కొక్కరే మాటిస్తారు. "నీ చెల్లెలి పెళ్లి నేను చేస్తా", "అప్పు సంగతి నేను చూసుకుంటాలే". సరైన మాట పడగానే కాకి వచ్చి ముట్టుకుంటుంది. మీ అబ్బాయికి ఆ రోజు ఎవరూ సరైన మాట ఇవ్వలేదు. అతని మనసులో ఏముందో ఇంట్లోవాళ్లకు తట్టలేదు. అందుకే ఉండిపోయాడు.

ఇక మీ అమ్మాయి అతన్ని ప్రేమిస్తుంది. ప్రేమించేకొద్దీ అతన్ని అర్థం చేసుకుంటుంది. అర్థమయ్యేకొద్దీ ఆ కోరిక ఏమిటో తెలుసుకోవడానికి దగ్గరవుతుంది. తెలుసుకుని మాటిచ్చిన రోజు అతను వెళ్లిపోతాడు. తెలియనట్టు నటిస్తే అతను ఉంటాడు, కానీ అలాగే నలిగిపోతూ ఉంటాడు. నవల మొత్తం ఈ ముడి మీదే నడవాలి. విలన్లు, మంత్రగాళ్లు, రెండో ప్రియుడు అక్కర్లేదు.

ఆ కోరిక చిన్నదిగా ఉండాలి. పగ తీర్చుకోవడం, దాచిన నిధి చూపించడం వద్దు. ముంపు ఊరు ఖాళీ చేసేటప్పుడు జనం తలుపులు, దూలాలు ఊడదీసి బండ్లకెత్తుకున్నారు. అందరూ వెళ్లిపోయాక అతను వాళ్లమ్మ ఊడదీయలేక వదిలేసిన రోటి కోసం వెనక్కి వెళ్లి ఉండొచ్చు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియక, పిల్లాడు సినిమాకు పోయి నీళ్లలో పడ్డాడని అనుకుని ఉండొచ్చు. "నేను సినిమాకు పోలేదని అమ్మకు చెప్పు", అంతే. ఇంతకంటే పెద్దది అవసరం లేదు.

తర్వాత అతను చేయలేని పనులు మూడు రాసి గోడకు అంటించండి. ముట్టుకోలేడు. ముంపు గట్టు దాటి రాలేడు. తను పోయిన తర్వాత లోకంలో జరిగింది ఏదీ ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ముట్టుకోలేకపోవడం వల్ల ప్రేమ తగ్గిపోతుందని భయపడకండి. ఆమె ఒక వేరుశెనగ కాయ వలిచి రాతిమీద పెడుతుంది. అతను తినలేడు, దాన్ని చూస్తూ కూర్చుంటాడు. సాయంత్రానికి చీమలు పడతాయి. ఆ ఒక్క కాయతో ఒక అధ్యాయం రాయొచ్చు.

ఈ మెట్టులోనే అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఉంది. అమ్మాయి కూడా చచ్చిపోయి అతన్ని కలుసుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ రాయొద్దు. కలలో వచ్చినట్టు కూడా వద్దు. ఈ పుస్తకం చదివేది మార్కుల లెక్కల మధ్య, హాస్టల్ గదుల్లో ఒంటరిగా నలుగుతున్న పిల్లలు. చావును ఒక తలుపులా, అవతల ఎవరో ఎదురుచూస్తున్నట్టు వాళ్లకు చూపించడం రచయిత చేయగలిగిన పెద్ద తప్పు. నేను ఆ ముగింపుతో వచ్చిన ప్రతిని చదవను, మార్చుకుని రమ్మంటాను. అబ్బాయి నోటితోనే చెప్పించండి: ఇక్కడ ఏమీ లేదు, ఆకలేయడం కూడా లేదు, నువ్వు రావద్దు అని. అతని చావు ఎంత పెద్ద నష్టమో ఆమెకు తెలిసేలా రాస్తే, ఆ దారి ఆమెకు అందంగా కనిపించదు.

5. ప్రేమ

అబ్బాయి పదిహేడేళ్లకే పోయాడు కాబట్టి బుద్ధి కూడా అక్కడే ఆగి ఉండాలి. నలభై ఏళ్లుగా అంతా చూసిన జ్ఞానిలా పాఠాలు చెబితే అది పెద్దమనిషి పిల్లతో మాట్లాడినట్టుంటుంది, రోతగా ఉంటుంది. ఆమె నిద్రపోతుంటే చూస్తూ నిలబడకూడదు. పిలవనిదే రాకూడదు. ఆమె వెళ్లిపోవాలనుకుంటే ఆపగలిగే శక్తి అతనికి ఉండకూడదు. ప్రతి సారీ బస్సెక్కి ఆమె రావాలి.

6. మాట

సీమ పిల్లలు సీమ మాటే మాట్లాడాలి. సినిమా తెలుగులో ప్రేమ చెప్పుకుంటే ఎవరూ నమ్మరు.

"ఏమప్పా, యా ఊరు మీది?"
"ఈ ఊరే. నీళ్లు రాకముందు."
"ఈడ ఊరు యాడుండాది?"
"నువ్వు నిలబడిండేది మా వాకిట్లోనే."

యాస ఇంతే చాలు. అబ్బాయి మాటల్లో అతని కాలం కూడా ఉండాలి. టిక్కెట్టు ఎంతంటే పైసల్లో లెక్క వేస్తాడు, ట్రంకు కాల్ అంటాడు, కడప రేడియో స్టేషన్‌లో పాట వచ్చే టైమైందా అని అడుగుతాడు.

7. రాయడం, దిద్దడం

రోజుకు రెండు పేజీలు, పొద్దున్నే. అధ్యాయం పదిహేను వందల మాటలు దాటొద్దు. ప్రథమ పురుషలో, అంటే "ఆమె" అని రాయండి. "నేను" అని రాస్తే అమ్మాయి తన కళ్లనూ జుట్టునూ వర్ణించుకుంటూ కూర్చుంటుంది.

అయిపోయాక నెల రోజులు నోట్‌బుక్ ముట్టుకోవద్దు. తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని గోడమీది మూడు నియమాలకు ఎదురుగా కూర్చోండి. మీకు తెలియకుండా అబ్బాయి ఎక్కడైనా తలుపు తీశాడా, ఆమె చెయ్యి పట్టుకున్నాడా, సెల్‌ఫోన్ అంటే ఏమిటో అడగకుండానే మాట్లాడాడా అని వరసగా చూసుకుంటూ వెళ్లి, దొరికినచోటల్లా కొట్టేయండి. అలా కొట్టేసినచోట్ల కొత్తగా రాసి, పదిహేడేళ్ల పిల్లలు ఇద్దరికి చదవడానికి ఇవ్వండి. ఏ పేజీ దగ్గర ఆపి పక్కన పెట్టారో మాత్రమే వాళ్లను అడగండి. బాగుందా అని అడగొద్దు.