టూల్ డిస్క్రిప్షన్ మార్చాకే ఏజెంట్ దారికొచ్చింది – నా అనుభవం

నేను కట్టిన ఏజెంట్‌లో (యూజర్ అడిగినదాన్ని బట్టి ఏఐ మోడల్ తానే పనులు చేసిపెట్టే ప్రోగ్రామ్) రెండు టూల్స్, అంటే మోడల్ పిలిచి వాడుకునే ఫంక్షన్లు, ఉండేవి, ఒకటి ఆర్డర్ నంబర్ ఇస్తే వివరాలు తెచ్చేది, ఇంకోటి కస్టమర్ పేరుతో వెతికేది. యూజర్ ఆర్డర్ నంబర్ ఇచ్చినా సరే ఏజెంట్ పేరుతో వెతికే టూల్‌నే పిలిచి, ఖాళీ లిస్ట్ రాగానే "మీ ఆర్డర్ లేదండి" అని చెప్పేసేది. ఉన్న ఆర్డర్ లేదంటే అవతలి మనిషికి ఎంత కంగారు!

రెండ్రోజులు సిస్టమ్ ప్రాంప్ట్‌లో (మోడల్‌కి ముందుగా ఇచ్చే సూచనల్లో) "జాగ్రత్తగా ఎంచుకో" అని రకరకాలుగా రాసి చూశా, లాభం లేదు. తర్వాత లాగ్ తీసి మోడల్‌కి అసలేం వెళ్తోందో చదివా. టూల్ లోపలి కోడ్ దానికి కనపడదు కదా, టూల్ పేరు, డిస్క్రిప్షన్ (అదేం చేస్తుందో చెప్పే రాత), పారామీటర్ల స్కీమా (ఏ వివరాలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పేది), అంతే. నా రెండు డిస్క్రిప్షన్లూ "ఆర్డర్లు వెతుకుతుంది" అనే ఉన్నాయి.

రెండోదాన్ని ఇలా మార్చా: "కస్టమర్ పేరు మాత్రమే తెలిసినప్పుడు వాడు. ఆర్డర్ నంబర్ ఉంటే ఇది వద్దు, ఆర్డర్ వివరాల టూల్ వాడు. ఖాళీ లిస్ట్ వస్తే ఆ పేరుతో దొరకలేదని అర్థం, ఆర్డర్ లేదని కాదు." ఆ చివరి వాక్యంతోనే సగం గొడవ పోయింది, ఎప్పుడు వాడకూడదో, ఖాళీ లిస్ట్‌కి అర్థమేంటో రాయడం ఇంత ముఖ్యమని నాకప్పుడే తెలిసింది.

04/03 లాంటి తేదీలతో కూడా తికమకే, మార్చి 4 ఓ ఏప్రిల్ 3 ఓ తెలీదు, అందుకే పారామీటర్ డిస్క్రిప్షన్‌లో ఐఎస్ఓ 8601 (ఏడాది-నెల-రోజు వరసలో తేదీ రాసే ప్రమాణం) అని రాసి 2025-03-04 ఉదాహరణ పెట్టా. ఆర్డర్ స్టేటస్‌కి ఈనమ్ (ఇవే విలువలు వాడాలనే జాబితా) ఇచ్చా.

తప్పుపోయిన పాత ప్రశ్నలన్నీ మళ్ళీ నడిపితే ఒక్కటి తప్ప అన్నీ సరైన టూల్‌కే వెళ్ళాయి, ఆ ఒక్కదాన్లో యూజర్ ఇచ్చింది ఇన్‌వాయిస్ నంబర్, అది ఆర్డర్ నంబర్ కాదని కూడా ఒక ముక్క చేర్చా.