స్పానిష్ టూ గట్టెక్కడం ఎలా? రెండు భూతకాలాలనూ తెలుగులోనే పట్టుకోండి

అమెరికా హైస్కూల్లో స్పానిష్ వన్ ఆడుతూ పాడుతూ గడిచిపోతుంది. రంగులు, వారాలు, చుట్టరికాలు, తిండి, అంతా వర్తమానకాలమే. రెండో ఏడు భూతకాలం మొదలవగానే మార్కులు జారడం మొదలవుతుంది. ఇంట్లో కంగారు పుడుతుంది: ట్యూటర్‌ని పెడదామా, ఇంకో యాప్ కొందామా అని. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు అవేవీ అక్కర్లేదు. ఆ వ్యాకరణం వాళ్ళ నోట్లో ముందే ఉంది. దాన్ని ఇంగ్లీషు మీదుగా చుట్టు తిప్పి నేర్పడం వల్లే దారి తప్పుతున్నారు. స్పానిష్ ఒక్క ముక్క రాని తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుని ఈ పని చేయించగలరు.

కింద స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలో రాశాను. ఒకటి కంటే ఎక్కువ అక్షరాలున్న మాటల్లో ఒత్తి పలికే అచ్చుకే దీర్ఘం పెట్టాను. ఆ భాషలో మనలా హ్రస్వం, దీర్ఘం తేడా లేదు, ఒత్తే ముఖ్యం. ఉచ్చారణ లాటిన్ అమెరికాది.

1. సామాను

ఒక నోట్‌బుక్, వంద ఇండెక్స్ కార్డులు, ఒక నీలం పెన్ను, ఒక ఎరుపు పెన్ను. కంప్యూటర్‌లో యూఎస్ ఇంటర్నేషనల్ కీబోర్డ్ మొదటి వారమే పెట్టేయండి. ఒత్తు గుర్తులు తర్వాత పెట్టుకుందాంలే అనుకుంటే ఎప్పటికీ పెట్టరు. ఎన్ మీద అలలాంటి గీత మర్చిపోతే ‘ఆన్యొస్’ కాస్తా ‘ఆనొస్’ అవుతుంది. అప్పుడు ‘నాకు పదిహేనేళ్ళు’ అనబోయి ‘నాకు పదిహేను మలద్వారాలున్నాయి’ అని రాసినట్టు.

2. నోరు తిప్పడం

అయిదు నిమిషాల పని. టీ అక్షరాన్ని ట అనకూడదు, త అనాలి. డీని డ కాదు, ద. పీ, కే శబ్దాల్లో ఊపిరి వదలకూడదు, మన ‘పాలు’, ‘కాలు’లో లాగే. ‘పేరొ’ అంటే కానీ, ‘పేర్రొ’ అంటే కుక్క. మొదటిది మన ‘పేరు’లో ర, రెండోది ‘బుర్ర’లో ర్ర. క్లాసులో మిగతా పిల్లలు నెలల తరబడి తంటాలు పడే శబ్దం మనవాళ్ళకు ఊరికే వచ్చేస్తుంది.

3. మాటలు

రోజుకు ఎనిమిది, అంతకు మించొద్దు. నామవాచకం ఎప్పుడూ దాని లింగం చెప్పే ఎల్ (పుంలింగం) లేదా ల (స్త్రీలింగం) తోనే కార్డు మీదకెక్కాలి. ‘మానొ’ (చెయ్యి) అని విడిగా నేర్చుకున్న పిల్లలు ‘ల మానొ’ అనాల్సిన చోట ‘ఎల్ మానొ’ అంటారు. కార్డు వెనక తెలుగు రాయండి, ఇంగ్లీషు వద్దు. గుడ్లగూబ యాప్ డ్యుయోలింగోలో ఎన్ని రోజులు వరసగా ఆడారన్నది లెక్కలోకి రాదు. అక్కడ మాటలు ఎదురుగా పరిచి ఉంటాయి, పరీక్షలో ఖాళీ కాగితం ఉంటుంది.

4. క్రియల తోకలు

ఇది బట్టీ పట్టాల్సిందే, అడ్డదారి లేదు. ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు కదా. స్పానిష్‌లోనూ అంతే, తోకే మనిషిని చెబుతుంది. తోక తప్పితే మనిషి మారిపోతాడు: ‘ఆబ్లొ’ అంటే నేను మాట్లాడతాను, ‘అబ్లో’ అంటే అతను మాట్లాడాడు. రాతలో తేడా ఆఖరి ఓ మీద చిన్న గీత ఒక్కటే.

ఈ ఏడు నేర్పే భూతకాలాలు రెండు. జరిగి ముగిసిన పనికి ప్రెటరిట్, అలవాటుగా జరిగిన లేదా అప్పటికి జరుగుతూ ఉన్న పనికి ఇంపర్ఫెక్ట్. ఇంపర్ఫెక్ట్‌లో మొండికేసే క్రియలు మూడే: ఏర, ఈబ, బెఈయ. అసలు గోల ప్రెటరిట్‌లో. తూబె, ఎస్తూబె, పూదె, పూసె, సూపె, కీసె, బీనె, ఈసె, దీహె, త్రాహె: ఈ పదింటికీ ఆఖర్న ఒత్తు రాదు, గీతా ఉండదు. పిల్లలు అలవాటు కొద్దీ గీత పెట్టి మార్కు పోగొట్టుకుంటారు. ‘ఉండటం’ చెప్పే సేర్, ‘వెళ్ళడం’ చెప్పే ఈర్, రెండింటికీ ఒకటే రూపం: ఫ్వీ, ఫ్వీస్తె, ఫ్వే, ఫ్వీమొస్, ఫ్వేరొన్. రెండు పట్టికలు రాయకండి, ఒకటే రాసి రెండు పేర్లు పెట్టండి. ‘తొకే’ (తాకాను), ‘యెగే’ (చేరాను) లాంటి వాటిలో అక్షరం మారేది ‘నేను’ రూపంలో మాత్రమే, అదీ శబ్దం చెడకుండా కాపాడటానికి. సి పక్కన ఇంగ్లీషు ‘ఈ’ (e) అక్షరం వస్తే సి కాస్తా స అని పలుకుతుంది, అందుకే క నిలవాలంటే క్యూ, యూ రాయాలి.

5. ఏ భూతకాలం ఎప్పుడు

అందరూ బోల్తా పడేది ఇక్కడే. మిగతా అన్నిటికీ వారం పడితే దీనికి నెల పెట్టుకోండి.

ఇంగ్లీషులో నిన్న గుడికి వెళ్ళినా, చిన్నప్పుడు ప్రతి ఆదివారం గుడికి వెళ్ళినా ఒకే మాట సరిపోతుంది: వుయ్ వెంట్. స్పానిష్‌లో మొదటిది ఫ్వీమొస్, రెండోది ఈబమొస్. ఇంగ్లీషులో ఆలోచించే పిల్లలకు ఆ తేడా కనపడదు. తెలుగులో చెప్పి చూడండి. ‘నిన్న వెళ్ళాం.’ ‘ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళం.’ తేడా కళ్ళ ముందే ఉంది. ‘తిన్నాను’ అంటే కొమీ. ‘తినేవాణ్ణి’ అన్నా, ‘తింటూ ఉన్నాను’ అన్నా కొమీయ. ‘తినలేదు’కీ ‘తినేవాణ్ణి కాదు’కీ మధ్య కూడా ఇదే గీత.

కాబట్టి నియమం ఇది. వాక్యం తెలుగులో చెప్పాలి. అందులో ‘-ఏవాళ్ళం’, ‘-ఏది’, ‘-తూ ఉన్న’ రూపం సాఫీగా ఇమిడితే నీలం పెన్ను, ఇంపర్ఫెక్ట్. ఇమడకపోతే ఎరుపు పెన్ను, ప్రెటరిట్. స్పానిష్ క్రియ నోట్లోంచి రాకముందే రంగు చెప్పాలి. రంగూ తోకా ఒకేసారి ఆలోచించబోతే రెండూ తప్పుతాయి.

ఈ ముక్క పెద్దగా చదివించండి: ‘వేసవిలో అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళేవాళ్ళం. అక్కడ ఒక బావి ఉండేది. ఓ రోజు నా చెప్పు అందులో పడింది. తాతయ్య నవ్వుతూ ఉన్నారు. అమ్మమ్మ అరిచింది.’ రంగులు: నీలం, నీలం, ఎరుపు, నీలం, ఎరుపు. క్రియలు: ఈబమొస్, అబీయ, సె కయో, సె రెఈయ, గ్రితో. దీన్ని ఇంగ్లీషులో చేసి చూడండి, బావి దగ్గరే ఆగిపోతారు.

తెలుగు కూడా మోసం చేసే చోట్లున్నాయి. కథ చెబుతూ మనం ‘ఇల్లు పెద్దగా ఉంది’ అంటాం, ‘డాలస్‌లో పదేళ్ళు ఉన్నాం’ అనీ అంటాం. రెండింటిలోనూ కనపడేది ‘ఉన్న’ రూపమే. అక్కడ మార్చి చూడాలి. ‘ఇల్లు పెద్దగా ఉండేది’ చెవికి బాగుంది, కనుక నీలం. ‘పదేళ్ళు ఉండేవాళ్ళం’ అంటే ఎబ్బెట్టుగా ఉంది, కనుక ఎరుపు: బిబీమొస్. చాలాకాలం సాగిన పనికి ఇంపర్ఫెక్ట్ అని చాలామంది నోట్స్‌లో రాసుకుంటారు. కొట్టేయించండి. పదేళ్ళయినా వందేళ్ళయినా లెక్క ముగిసిపోతే ఎరుపే. మీటర్ ఇంకా తిరుగుతున్నట్టు, ‘మేం డాలస్‌లో ఉంటున్న రోజుల్లో’ అన్నట్టు చెబితే నీలం: బిబీయమొస్.

గడియారం, వయసు మాత్రం ఈ పరీక్షకు లొంగవు. ‘అప్పుడు మూడైంది’ అని తెలుగులో ముగిసిన పనిలా అంటాం, స్పానిష్‌లో ఎప్పుడూ నీలమే: ఏరన్ లస్ త్రేస్. ‘నాకు అయిదేళ్ళప్పుడు’ కూడా నీలమే: క్వాందొ తెనీయ సీంకొ ఆన్యొస్. ఈ రెండూ కార్డు మీద రాసి గోడకు అంటించండి.

క్లాసులో ఇచ్చే సూచన మాటల జాబితా ఇంకో ప్రమాదం. ‘నిన్న’ అని కనపడితే ప్రెటరిట్, ‘ఎప్పుడూ’ అని కనపడితే ఇంపర్ఫెక్ట్ అని అందులో ఉంటుంది. ‘నిన్న నేను బయల్దేరేసరికి వాన పడుతూ ఉంది’ అన్నప్పుడు ఏం చేస్తారు? అయేర్ యొబీయ క్వాందొ సలీ. ‘నిన్న’ అక్కడే ఉంది, వాన మాత్రం నీలం. జాబితా బట్టీ పట్టినవాళ్ళు సరిగ్గా ఇలాంటి ప్రశ్నలోనే పడతారు, పరీక్ష పెట్టేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు.

భూతకాలాన్ని బట్టి అర్థం మారే క్రియలంటూ టీచర్లు ఒక పేజీ ఇస్తారు. ఆ పేజీ మనకు దండగ. ‘సబీయ’ అంటే అప్పటికే తెలుసు, ‘సూపె’ అంటే అప్పుడు తెలిసింది. ‘కొనొసీయ’ అంటే పరిచయం ఉండేది, ‘కొనొసీ’ అంటే పరిచయమైంది. ‘నొ కెరీయ’ అంటే ఇష్టం ఉండేది కాదు, ‘నొ కీసె’ అంటే ససేమిరా అన్నాను. తెలుసుకీ తెలిసిందికీ తేడా తెలిసిన పిల్లలకు ఇందులో కొత్తేముంది?

రోజూ పది నిమిషాలు మీరు పన్నెండు తెలుగు వాక్యాలు చెప్పండి. పిల్లలు ముందు రంగు, తర్వాత క్రియ చెప్పాలి. రంగు తప్పితే జవాబు చెప్పేయకండి, వాక్యాన్ని ‘-ఏవాళ్ళం’తో తిరగేసి చెప్పమనండి. అక్కడ పుట్టిన పిల్లలకు ‘వెళ్ళేవాళ్ళం’ లాంటి రూపాలే నోరు తిరగకపోతే, నాయనమ్మకు ఫోన్ చేయించి ‘చిన్నప్పుడు మీరు ఏం చేసేవాళ్ళు?’ అని అడిగించండి. అరగంట ఇంపర్ఫెక్ట్ ఉచితంగా దొరుకుతుంది.

6. నాకు నచ్చింది

ఇంగ్లీషు పిల్లలకు గుస్తార్ క్రియ తలకిందులుగా కనిపిస్తుంది. మనకు నిటారుగానే ఉంటుంది. నాకు పుస్తకం నచ్చింది: మె గుస్తో ఎల్ లీబ్రొ. నాకు పుస్తకాలు నచ్చాయి: మె గుస్తారొన్ లొస్ లీబ్రొస్. క్రియ నచ్చినవాటిని బట్టి మారుతుంది, నచ్చినవాళ్ళను బట్టి కాదు. ‘తల నొప్పి పుడుతోంది’కీ అంతే: మె ద్వేలె ల కబేస. ‘యో గూస్తొ’ అని రాశారంటే ఇంగ్లీషులో ఆలోచించి రాశారని అర్థం.

7. పేరా రాయడం

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పెట్టి దింపితే టీచరుకు రెండో లైనులోనే తెలిసిపోతుంది, క్లాసులో ఇంకా చెప్పని క్రియారూపాలు అందులో ఉంటాయి మరి. తొమ్మిది పది వాక్యాలు ముందు తెలుగులో అనుకుని, క్రియల కింద రంగు గీతలు గీసి, ఆ తర్వాతే స్పానిష్‌లో రాయాలి. రాశాక మూడుసార్లు చదవాలి: ఒకసారి తోకల కోసం, ఒకసారి ఒత్తు గీతల కోసం, ఒకసారి ‘లె లొ’ కోసం. ‘దాన్ని అతనికి ఇస్తాను’ అనేటప్పుడు ‘లె లొ దోయ్’ అనకూడదు, ‘సె లొ దోయ్’ అనాలి. పేరా మొత్తం ఒకే రంగులో తేలితే మొదట్నుంచీ మళ్ళీ రాయించండి.