సోఫా మీద కుక్క మూత్రం: మాకు పనిచేసిన పద్ధతి

మా కుక్క చింటూ ఎప్పుడూ సోఫా ఎడమ మూలకే కాలెత్తేవాడు. కొట్టొద్దని అమ్మకు గట్టిగా చెప్పాను. భయపడితే చాటుగా పోస్తాడు. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రిలో మూత్రపరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్ లేదని తేలింది.

అసలు సంగతంతా వాసనలోనే ఉంది. పాత వాసన తగిలితే కుక్క మళ్లీ అక్కడే పోస్తుంది. సబ్బునీళ్లతో కడిగితే మనకు వాసన రాదు గానీ, మూత్రంలోని వాసన పదార్థాలు కొన్ని గుడ్డలోనే ఉండిపోతాయి. తేమ తగిలిందా, మళ్లీ కంపు! అందుకే ఆ పదార్థాలను విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ తెచ్చి, లోపలి స్పాంజి దాకా దిగేలా తడిపి, దానంతట అదే ఆరేదాకా వదిలేశాను. అమ్మోనియా ఉన్న క్లీనర్లు మాత్రం వద్దు, ఆ వాసన మూత్రం వాసనలాగే ఉంటుంది.

తిన్నాక, నిద్ర లేచాక వెంటనే కిందికి తీసుకెళ్లేవాళ్లం. బయట పోస్తే అక్కడికక్కడే చికెన్ ముక్క. తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాం. దాంతో కాలెత్తడం బాగా తగ్గింది.